యెహోషువ దేశం పంచిన తీరు: అపోహలు - వాస్తవాలు

మోషే తర్వాత ఇశ్రాయేలీయులను కనాను దేశంలోకి నడిపించినవాడు యెహోషువ. యెరికో గోడలు కూలేవరకు బైబిల్లోని ఆయన గ్రంథాన్ని అందరూ ఆసక్తిగా చదువుతారు. 13వ అధ్యాయం రాగానే పేజీలు గబగబా తిరిగిపోతాయి. ఫలానా వాగు నుంచి ఫలానా కొండ దాకా హద్దులు, ఆ తర్వాత వరసగా ఊళ్ల పేర్లు. "రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు చదివినట్టుంది అయ్యగారూ" అన్నారు మా బైబిలు స్టడీకి వచ్చే ఒక పెద్దాయన. ఆయన మాట తప్పేం కాదు, ఇవి ఇశ్రాయేలీయుల భూమి దస్తావేజులే. 13 నుంచి 21 దాకా ఈ అధ్యాయాలు బోధించిన ప్రతిసారీ దాదాపు అవే అపోహలు ఎదురవుతుంటాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు నాకూ ఉండేవి.

అపోహ: స్వాస్థ్యం అంటే ఆరోగ్యం.

నవ్వకండి. ఒక యూత్ మీటింగులో "యెహోవా నా స్వాస్థ్యభాగము" అనే మాట పట్టుకుని ఒక అబ్బాయి తనకు జ్వరం తగ్గిన సాక్ష్యం చెప్పాడు. సంస్కృతంలో, హిందీలో ఆ మాటకు ఆరోగ్యమనే అర్థం. మన తెలుగు బైబిల్లో మాత్రం వారసత్వంగా వచ్చిన ఆస్తి, వాటా. ఆ మాట ఉన్న 16వ కీర్తనలోనే "మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను" అన్నచోట హీబ్రూలో ఉన్నది కొలతాడు. భూమి కొలిచే తాడు నాకు మంచి చోట పడింది అంటున్నాడు దావీదు. అన్నదమ్ములు పంచుకునే రోజున గట్టు మీద నిలబడి, తాడు ఎటు పడుతుందా అని చూసినవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు.

అపోహ: దేశమంతా గెలిచాకే పంచుకున్నారు.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, నేను ఎక్కువ సేపు ఆగేదీ ఇక్కడే. 12వ అధ్యాయంలో ఓడిన రాజుల పట్టిక ఉంది, యొర్దానుకు పడమటి వైపు 31 మంది. అది చదివితే పని అయిపోయిందనిపిస్తుంది. పేజీ తిప్పగానే దేవుడు యెహోషువతో అంటున్నాడు: నువ్వు ముసలివాడివయ్యావు, స్వాధీనం చేసుకోవలసింది ఇంకా చాలా మిగిలి ఉంది. అయినా పంచమనే చెప్పాడు. అంటే చాలాచోట్ల పేరు ముందు రాశారు, చేతికి రావడం తర్వాత.

మన ఊళ్లలో రైతులకు ఇది వివరించనక్కర్లేదు. పాసుబుక్కులో పేరు ఎక్కడం వేరు, ఆ పొలంలో నాగలి దిగడం వేరు. యూదా గోత్రం వాళ్లు యెరూషలేములోని యెబూసీయులను వెళ్లగొట్టలేకపోయారు. ఆ కోట దావీదు కాలానికి గానీ చేతికి రాలేదు. ఎఫ్రాయిము వాళ్లు గెజెరులోని కనానీయులను ఉండనిచ్చి వెట్టిచాకిరీ చేయించుకున్నారు. ఇశ్రాయేలీయులు బలపడ్డాక కూడా వెళ్లగొట్టలేదని 17వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. చేతకాక కాదు, పనికొస్తున్నారని. చివరికి గెజెరు ఎలా వచ్చిందో తెలుసా? ఐగుప్తు (ఈజిప్టు) రాజు దాన్ని పట్టుకుని, సొలొమోనును పెళ్లాడిన తన కూతురికి కట్నంగా ఇచ్చాడు. తన వాటాలో ఉన్న ఊరిని పరాయివాడు కానుకగా ఇస్తే పుచ్చుకోవలసి వచ్చింది.

ఆత్మీయంగా నేను తీసుకునేది ఇదే. మనల్ని ఓడించిన పాపంతోనైనా పోరాడతాం. మనకు లాభం తెచ్చిపెట్టే చిన్న అబద్ధం, కోపం, పైఆదాయం లాంటివాటికి మాత్రం వాటాలోనే ఓ మూల చోటిచ్చి పని చేయించుకుంటాం.

ఇంకా వాటా అందని ఏడు గోత్రాలైతే, దేవుని గుడారం ఉన్న షిలోహులో ఊరికే కూర్చున్నాయి. "ఎన్నాళ్లు తడవు చేసెదరు?" అని యెహోషువ గద్దించాడు. ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. ఉపవాస కూడికలు పెట్టలేదు. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషుల్ని తీసుకుని సర్వేకి పంపాడు. ఏడు మూళ్లు ఇరవై ఒక్కమంది దేశమంతా నడిచి, ఊళ్ల వారీగా ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకొచ్చారు. చీట్లు వేసింది ఆ తర్వాతే.

అపోహ: చీటీ అంటే లాటరీ, అదృష్టం.

సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో రెండు నియమాలు పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కువమందికి ఎక్కువ, తక్కువమందికి తక్కువ ఇవ్వాలి, కానీ చీట్లు వేసి పంచాలి. చీటీతో ఏ వైపు అనేది, జనసంఖ్యను బట్టి ఎంత అనేది తేలేవని చాలామంది వివరిస్తారు. చీటీ పడ్డాక కూడా సర్దుబాటు జరిగింది. యూదాకు వచ్చింది మరీ ఎక్కువైందని, అందులోంచే షిమ్యోనుకు ఇచ్చారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మనం వాగ్దానం కార్డులు తీసుకుంటాం కదా. ఒకామె తీసిన కార్డు చదివి పెట్టెలో పెట్టేసి "ఇది కాదు అయ్యగారూ, ఇంకోటి తీస్తాను" అంది. షిలోహులో రెండో చీటీ లేదమ్మా అన్నాను. కార్డు పద్ధతి తప్పని నేననను. ముందు ఇరవై ఒక్కమంది నడిచిన నడక లేకుండా చీటీ ఒక్కటే కావాలంటేనే ఇబ్బంది.

అపోహ: ఆరాధన సేవ చేసే లేవి గోత్రానికి, అంటే లేవీయులకు, ఏమీ దక్కలేదు.

పొలాల వాటా దక్కలేదు. ఉండడానికి 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువులకు మేత భూములు దక్కాయి. అందులో ఆరు ఆశ్రయపురాలు, అంటే పొరపాటున మనిషిని చంపినవాడు పారిపోయి తలదాచుకునే ఊళ్లు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. షిమ్యోను, లేవి ఇద్దరి కోపాన్నీ వాళ్ల తండ్రి యాకోబు ఒకే నోట శపించి, చెదరగొడతానన్నాడు. ఇద్దరూ చెదిరారు. షిమ్యోను యూదా వాటాలో ఓ మూలకు సర్దుకుంది. లేవి దేశమంతా బోధకులుగా, యాజకులుగా పరచుకుంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో నిర్గమకాండం 32వ అధ్యాయం చదివి మీరే చూడండి.

అపోహ: "ఈ కొండ నాకివ్వు" అంటే నచ్చిన స్థలం అడగడం.

ఆ మాట యెహోషువతో పాటు మోషే కాలంలో దేశాన్ని వేగు చూసి వచ్చిన కాలేబుది. కొత్త వెంచరులో ప్లాటు చుట్టూ నడిచి, కాలేబు మాట ఎత్తి ప్రార్థన చేయమన్నవాళ్లున్నారు. ఇల్లు కావాలని ప్రార్థించడంలో తప్పు లేదు, చేస్తాను. కానీ కాలేబు ఆ మాట అన్నది 85 ఏళ్ల వయసులో, అందరూ భయపడిన భారీకాయులు, అనాకీయులున్న చోటు గురించి. 45 ఏళ్లు ఎదురుచూసి అడిగాడు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. అలా వచ్చిన హెబ్రోను తర్వాత లేవీయులకు, ఆశ్రయపురానికి వెళ్లింది. కాలేబుకు మిగిలినవి ఆ ఊరి పొలాలు, పల్లెలు.

అపోహ: ఆడవాళ్లకు వాటా లేదు.

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. సెలోపెహాదు అనే ఆయనకు కొడుకుల్లేరు, ఈ అయిదుగురు కూతుళ్లే. తండ్రి వాటా తమకివ్వమని మోషే దగ్గర అడిగారు. పంపకం రోజున యాజకుడైన ఎలియాజరు, యెహోషువల ముందుకు మళ్లీ వచ్చి గుర్తు చేసి తీసుకున్నారు. నిజమే, అది కొడుకులు లేనప్పటి నియమం. కానీ కాలేబు కూతురు అక్సాకు అన్నదమ్ములున్నారు. ఆమె గాడిద దిగి, నాకిచ్చింది ఎండిన నేల, నీళ్లు కూడా ఇవ్వమంది. తండ్రి మెరక మడుగులు, పల్లపు మడుగులు రెండూ ఇచ్చాడు. ఇది చదివిన ఇంట్లోనే "కట్నం ఇచ్చేశాం కదా, ఇంకా వాటా ఏంటి" అని వినబడుతుంది. వీలునామా లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో కొడుకుకెంతో కూతురికీ అంతే. సంఘ పెద్దలు కూడా దీన్ని మర్చిపోతుంటారు.

అపోహ: పంచినవాడికి మంచి వాటా ఉంటుంది.

యెహోషువది ఎఫ్రాయిము గోత్రం. ఆయన సొంతవాళ్లే వచ్చి, మేము గొప్ప జనం, ఒక్క వాటాయేనా అని నిలదీశారు. గొప్ప జనమైతే అడవికెళ్లి నరుక్కోండి అన్నాడాయన. ఇనుప రథాలున్నాయని సాకు చెప్పినా మాట మార్చలేదు. అందరి పంపకం అయ్యాక చివర్లో తన కోసం తిమ్నత్సెరహు అడిగాడు. అదీ అదే ఎఫ్రాయిము కొండల్లో. దాన్ని కట్టించుకుని కాపురమున్నాడు. 110 ఏళ్లకు చనిపోతే ఆ వాటా సరిహద్దులోనే పాతిపెట్టారు. ఆయనతో కలిసి చీట్లు వేసిన ఎలియాజరును కూడా ఆ కొండల్లోనే, కొడుకు ఫీనెహాసుకు ఇచ్చిన కొండ మీద పాతిపెట్టారు.