చిన్నపిల్లల మాటలు, తొలి వాక్యాలు: అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక తరగతుల్లో భాష నేర్పే నాకు తల్లిదండ్రుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. పిల్లకు అక్షరాలన్నీ వచ్చు, చూసి గుండ్రంగా రాస్తుంది, మరి సొంతంగా ఒక్క వాక్యం ఎందుకు రాయలేకపోతోంది? నోటితో చెప్పలేని వాక్యాన్ని చెయ్యి రాయలేదన్నది నా అభిప్రాయం. కింద చెప్పిన అపోహల్లో చాలా వరకు ఈ సంగతిని మరవడం వల్ల పుట్టినవే.

అపోహ: బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తే పదసంపద పెరుగుతుంది.

కార్డుల వల్ల పేర్లు వస్తాయి, కాదనను. అయితే వాక్యాన్ని నిలబెట్టేది క్రియ. పోయడం, ఒంపడం, చిలకరించడం, తొణకడం వంటి పనుల మధ్య తేడా కదలని బొమ్మలో దొరకదు. ఆ పని కళ్ల ముందు జరుగుతున్నప్పుడు, దాన్ని చేస్తున్నవారి నోటి నుంచి మాట వినబడాలి. స్నానం చేయిస్తూ “నీళ్లు నిండుగా ఉన్నాయి, మెల్లగా పట్టుకో, తొణుకుతాయి” అన్నప్పుడు పిల్లవాడికి ఒక కొత్త క్రియతో పాటు అది ఏ మాటల పక్కన ఇముడుతుందో కూడా తెలుస్తుంది.

పరిశోధకులు సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ 1978లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు నాలుగేళ్ల పిల్లలతో రోజువారీ పనుల మధ్య, “నీలం పళ్లెం కాదు, క్రోమియం పళ్లెం తీసుకురా” అని యథాలాపంగా అన్నారు. తమకు తెలియని ‘క్రోమియం’ అన్న ఆ మాట ఏదో రంగు పేరై ఉంటుందని పిల్లలు సందర్భాన్ని బట్టి గ్రహించగలిగారు. అయితే ఇలా అందేది అర్థంలో ఒక ముక్క మాత్రమే. అది పూర్తిగా వశం కావాలంటే అదే పదం వేర్వేరు సందర్భాల్లో మళ్లీ మళ్లీ చెవిన పడాలి. అందుకే రోజుకు పది పదాల జాబితా కన్నా, వారమంతా మాటల్లో తిరిగే రెండు మూడు పదాలు మేలని నేను చెబుతాను.

అపోహ: వీడియోలు చూస్తే మాటలు త్వరగా వస్తాయి.

పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని 9 నెలల పసిపిల్లలకు 12 విడతలుగా మాండరిన్ భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చొని చదివి, ఆడించినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకున్నారు; అదే భాషను తెర మీద చూసి విన్నవారిలో ఆ నేర్పు కనిపించలేదు. తెర ఎదుటివారి చూపును అనుసరించదు, జవాబు కోసం ఆగదు.

అపోహ: ఇంట్లో రెండు భాషలుంటే పిల్లలు గందరగోళపడి మాట ఆలస్యమవుతుంది.

బిడ్డకు ఎన్ని మాటలు వచ్చో చూసేటప్పుడు రెండు భాషల్లోని పదాలనూ కలిపి లెక్కించాలి. ఒక్క భాషనే కొలిచి, వెనకబడ్డారనుకోవడం పొరపాటు. అయితే రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి పలకని బిడ్డ విషయంలో “అదే వస్తుందిలే” అని కూర్చోకూడదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి.

అపోహ: చూచిరాత ఎంత ఎక్కువ చేయిస్తే వాక్యాలు రాయడం అంత బాగా వస్తుంది.

చూచిరాత చేతికి వేగాన్నీ పొందికనూ ఇస్తుంది, అది అవసరమే. సొంత వాక్యానికి మాత్రం ఏం చెప్పాలో ఎంచుకోవడం, మాటలను వరుసలో పెట్టడం, రాసేంతసేపూ ఆ వరుసను గుర్తుంచుకోవడం, ఒక్కో ధ్వనికీ అక్షరం వెతకడం అన్నీ ఒకేసారి జరగాలి. ఈ బరువును తగ్గించడానికి నేను ముందు వాక్యాన్ని బిగ్గరగా చెప్పిస్తాను, ఒక్కో మాటకు ఒక వేలు మడిపిస్తాను, తర్వాతే పెన్సిల్ ఇస్తాను.

“పిల్లి పాలు తాగింది” అన్న వాక్యం వచ్చాక ఎక్కడ, ఎలా అని అడగాలి. “పిల్లి వంటింట్లో చప్పుడు చేయకుండా పాలు తాగింది” అవుతుంది. తెలుగులో క్రియ చివర నిలుస్తుంది కాబట్టి మొదలూ చివరా కదలకుండానే వాక్యం నడుమ పెరుగుతుంది, ఇది పిల్లలకు ఎంతో అనుకూలం. ఆ తర్వాత రెండు వాక్యాలను కలపడం నేర్పాలి: “పిల్లి గోడ ఎక్కింది. పిల్లి దూకింది” అన్నవి “పిల్లి గోడ ఎక్కి దూకింది” అవుతాయి. వ్యాకరణం పేర్లు ఈ వయసులో అక్కర్లేదు, చెవే చాలు.

అపోహ: ప్రతి తప్పునూ వెంటనే దిద్దకపోతే అదే అలవాటవుతుంది.

ఇంకా బడిలో చేరని పిల్లలు సొంతంగా రాసిన అక్షరక్రమం గుడ్డిగా సాగదని, విన్న ధ్వనులను బట్టే సాగుతుందని పరిశోధకుడు చార్లెస్ రీడ్ 1971లోనే చూపించారు. “వచ్చింది” అనడానికి “వచింది” అని రాసిన పిల్ల ధ్వనులను వరుసగానే విన్నది. ద్విత్వాన్ని రాతలో చూపడం మాత్రమే ఆమెకు ఇంకా తెలియదు. ఒత్తులు నేర్పక ముందు దాన్ని తప్పుగా లెక్కించను, నేర్పిన తర్వాత ఉపేక్షించను. ఒక రాతలో ఒకే రకం తప్పును ఎంచుకొని, ఆ మాటను నెమ్మదిగా పలికించి, పిల్లల చేతే సరిచేయిస్తాను. మాటల్లోనైతే దిద్దుతున్నట్టు కూడా తెలియనక్కర్లేదు: “అక్క వచ్చాడు” అని బిడ్డ అంటే, “అవును, అక్క వచ్చింది, ఏం తెచ్చింది?” అని సరైన రూపాన్ని వినిపిస్తూ సంభాషణను కొనసాగించవచ్చు.