కుడితి గోలెం నుంచి కాపులుప్పాడ దాకా

విశాఖలో హోటల్ అన్నం వృథా గురించి మాటొస్తే చాలు, "ఈ కాలం పిల్లలకి మెతుకు విలువ తెలీదు" అనేస్తారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. అప్పుడూ విస్తళ్లలో మిగిలేది. కాకపోతే మిగిలింది పోవడానికి ఒక దారి ఉండేది.

ఆ దారి పేరు కుడితి. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, ఎంగిలి అన్నం అన్నీ గోలెంలోకి, అక్కణ్ణుంచి గేదె కడుపులోకి. మా చిన్నప్పుడు వీధి చివర మెస్ వెనకాల ఓ డ్రమ్ము ఉండేది, పాలాయన సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకొచ్చి రెండు పూటలా ఎత్తుకుపోయేవాడు, అందుకే ఆ మెస్సుకి పోసే పాలల్లో నీళ్లు తక్కువ కలుపుతాడని మా నాయనమ్మ వేళాకోళం చేసేది. ఎంగిలాకులు ఆవులు నమిలేసేవి. చెత్తబండి ఎక్కేది పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పైగా అది కరువు తెలిసిన తరం. 1965లో ఒకపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోపక్క వానల్లేవు, అమెరికా గోధుమల కోసం ఎదురుచూపులు. వారానికి ఒక పూట భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అడిగితే దేశంలో చాలా హోటళ్లు సోమవారం రాత్రి పొయ్యి వెలిగించలేదు. అన్నం పారేస్తే ఇంకొకడి నోటికాడ కూడు పోతుందన్న భయమే అప్పుడు, గాలీ వాతావరణం సంగతి ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఊరు పెరిగింది. 1979లో కార్పొరేషన్ అయింది, 2005లో గాజువాకనీ చుట్టుపక్కల 32 ఊళ్లనీ కలుపుకుని గ్రేటర్ అయింది. పశువుల పాకలున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, గేదెలు ఊరి బయటికి నడిచాయి. సరిగ్గా అప్పుడే సిరిపురం, ద్వారకానగర్, బీచ్ రోడ్డు, ఋషికొండ పొడవునా రెస్టారెంట్లు వరసకట్టాయి, బఫేలొచ్చాయి. బఫేలో చివర వచ్చినవాడికి కూడా పళ్లేలు నిండుగా కనపడాలి, లేకపోతే డబ్బులకి గిట్టలేదంటాడు, అంటే రాత్రి పదిన్నరకి ఎంతో కొంత మిగిలేలాగే వండుతారు. తినేవాళ్ల ప్లేట్లలో మిగిలేది మనకి కనపడుతుంది, వంటింట్లో మిగిలేది కనపడదు.

ఇదంతా ఇప్పుడు నగరం చెత్త పోసే కాపులుప్పాడ యార్డుకి పోతుంది. అసలు నష్టం అక్కడ. తడి చెత్త గుట్టల కింద గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కన చూస్తే అది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. ఇందులో తమాషా ఏంటంటే, నీళ్లు నిలిచిన వరిమడిలో కూడా గాలాడకే మీథేన్ వస్తుంది. అంటే పారేసిన అన్నం పండేటప్పుడు ఒకసారి, కుళ్లేటప్పుడు ఇంకోసారి అదే వాయువు వదులుతుంది, మధ్యలో నీళ్లు, ఎరువు, లారీ డీజిలు, గ్యాసు ఖర్చు వేరే. అపోలో ఫిష్ వదిలేస్తే హార్బర్ నుంచి వెళ్లిన బోటు తాగిన డీజిలు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో హోటళ్లు, క్యాంటీన్ల వాటా 29 కోట్లు. ఇళ్ల వాటా అంతకు రెట్టింపు, కాబట్టి హోటలోళ్లనే తిట్టుకోనక్కర్లేదు.

కాపులుప్పాడలో చెత్త కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు ఉంది కదా అంటారు. ఉంది, కానీ సాంబారన్నం మండదండి. తడి ఎక్కువైన కొద్దీ వచ్చే వేడిలో కొంత ఆ నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది.

చట్టాలు లేక కాదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు హోటళ్లు ఏడాదిలోగా తడి, పొడి విడదీయాలనీ, తడిది వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టో బయోగ్యాసో చేసుకోవాలనీ చెప్పాయి. జగదాంబ సెంటర్లో స్కూటర్ పెట్టుకోడానికే చోటు లేని హోటలుకి కంపోస్టు గుంత ఎక్కడిది? ఆ "వీలైనంత వరకు" అన్న రెండు ముక్కల్లోంచి అందరూ బయటికి నడిచొచ్చారు. 2019లో మిగిలిన ఆహారం పంచడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు తెచ్చింది, మంచిదే, కానీ మన ఉక్కపోతకి కూరలు ఎంతసేపు ఆగుతాయి, అర్ధరాత్రి బండి ఎవరు తోలతారు? 2021లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంతో వచ్చిన చెత్త పన్ను మీద పెద్ద రగడ జరిగి చివరికి 2024లో ఎత్తేస్తున్నామన్నారు. ఆ రగడంతా చెత్త ఎత్తడానికి డబ్బులెవరివి అన్నదాని మీదే, ఇంత చెత్త ఎందుకవుతోందని అడిగినవాళ్లు నాకైతే తగల్లేదు.

అంతకు ముందు అడిగిన ఒక్కాయన అప్పటి కేంద్ర ఆహార మంత్రి రాం విలాస్ పాశ్వాన్. 2017 ఏప్రిల్‌లో, హోటళ్లు ఒక్కో ప్లేటులో ఎంత వడ్డిస్తాయో ముందే చెప్పాలన్నారు. తిండి కొలతలు కూడా సర్కారే చెప్తుందా అని నవ్వారు చాలామంది, అప్పట్లో నేనూ నవ్వాను. హోటళ్లన్నిటికీ వర్తించే చట్టమేదీ రాలేదు. ఫ్యామిలీ ప్యాక్ అంటే ముగ్గురికా ఐదుగురికా అన్నది ఇప్పటికీ గిన్నె బల్ల మీదికొచ్చాకే తెలుస్తుంది.