ఆ డీఓఐ కొట్టి చూశారా?

పిల్లలూ,

మన విశాఖ ఆర్కే బీచ్‌లో తీరం కోత మీద మీరు చేసిన ప్రాజెక్టు చదివాను. బాగుంది, కానీ చివర పెట్టిన రిఫరెన్సుల్లో ఒకటి ఎంత వెతికినా దొరకలేదు. రచయితల పేర్లున్నాయి, జర్నల్ పేరుంది, సంవత్సరముంది, డీఓఐ నంబరు, అంటే ఒక్కో పేపరుకీ ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, కూడా ఉంది. ఆ నంబరు కొడితే మాత్రం చేపల పెంపకం పేపరు తెరుచుకుంది! ఎవరు రాసిపెట్టారో తెలుసులే, చాట్‌బాటే కదా, కోపం లేదు.

చాట్‌బాట్ వెనకుండే లాంగ్వేజ్ మోడల్ కావాలని అబద్ధమాడదు. ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏది రావడానికి అవకాశం ఎక్కువో లెక్కేసి పేర్చుకుంటూ పోతుంది. రిఫరెన్సు చూడ్డానికి ఎలా ఉంటుందో దానికి బాగా వచ్చు, ఆ పేపరు ఉందా లేదా అన్నది వేరే సంగతి. 2022 నవంబరులో మెటా కంపెనీ సైన్సు కోసమే గెలాక్టికా అనే మోడల్ తెచ్చింది. పేపర్లూ పాఠ్యపుస్తకాలూ అన్నీ కలిపి 4.8 కోట్లకు పైగా చదివించారట. తప్పుడు సంగతుల్ని కూడా పండితుడిలా రాసేస్తోందని గోల మొదలయ్యేసరికి, మూడు రోజులకే జనం వాడి చూసే వీలు తీసేశారు.

అందుకే ఇప్పుడు పరిశోధకులు కుస్తీ పడుతున్నది మోడల్‌కి ఇంకా చదివించడం మీద మాత్రమే కాదు, తనకెంత నమ్మకముందో అది సరిగ్గా చెప్పగలదా అన్నదాని మీద కూడా. 80 శాతం నమ్మకం అని చెప్పిన జవాబులు 100 తీసి చూస్తే నిజంగా 80 దాకా ఒప్పవ్వాలి. తుపాను వచ్చేటప్పుడు వాతావరణ శాఖవాళ్లు ఒక్క గీత గీసి ఊరుకోరు కదా, అటూ ఇటూ ఎంత తప్పొచ్చో వెడల్పు కూడా చూపిస్తారు, అలాగన్నమాట. ప్రొటీన్ల ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ ఈ పని చేస్తుంది: గట్టి నమ్మకమున్న భాగం ముదురు నీలం, అనుమానమున్నది నారింజ. నారింజ భాగాన్ని నమ్ముకుని ఎవరూ మందు తయారుచేయరు.

భద్రత ఇంకో గొడవ. 2022లో కొందరు మందులు కనిపెట్టే మోడల్‌ని తిరగేసి, విషాలు వెతకమంటే ఆరు గంటల్లోపే 40 వేల అణువులు చూపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఏం చేసిందో చూసిన ఊరు మనది, రసాయనాల విషయంలో ఏది అడిగితే అది చెప్పే యంత్రం ఎందుకు వద్దో మీకు వేరే చెప్పక్కర్లేదు.

సరే, మీ పని: మిగతా డీఓఐలన్నీ కొట్టి చూడండి, పేపరు తెరిచి మీరు రాసిన మాట అందులో ఉందో లేదో కూడా చూడండి. ఇంకొకటి, 1950ల్లో ఈ.సి. లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి మన వాల్తేరు తీరం మీద పనిచేశారు. అప్పటి కాగితాల్లో చాలావాటికి డీఓఐ ఉండదు, అలాగని దొంగవి అనుకోకండి, యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి.

మీ తాతయ్య