అదనపు విలువ: కూలి పూర్తిగా ముట్టినా పుట్టేది

అర్థశాస్త్రం తరగతిలో అదనపు విలువ పాఠం, అంటే కార్మికుడు తన కూలికి మించి సృష్టించి యజమానికి మిగిల్చే విలువ గురించిన పాఠం, రాగానే గది రెండుగా చీలుతుంది. చిత్రమేమిటంటే, ఇరుపక్షాలూ కొట్లాడుకునేది తరచుగా మార్క్స్ అనని మాట మీదే.

అపోహ: యజమాని కూలిలో కోత పెడితేనే అదనపు విలువ పుడుతుంది.

వాస్తవం: 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ అసలు మోసాన్ని లెక్కలోకే తీసుకోడు. కార్మికుడికి రావలసింది పూర్తిగా ముట్టిందనుకునే లెక్క మొదలుపెడతాడు. కార్మికుడు అమ్మేది శ్రమను కాదు, శ్రమశక్తిని, అంటే పనిచేసే సామర్థ్యాన్ని. దాని విలువ అంటే అతనూ కుటుంబమూ బతకడానికి అయ్యే ఖర్చు. అంత విలువ కొద్ది గంటల్లోనే తయారైపోవచ్చు. కానీ యజమాని కొన్నది రోజంతటినీ కదా!

మొదటి కూర్పులోని నూలు మిల్లు ఉదాహరణలో తప్పులున్నాయని, రెండో కూర్పుకు మార్క్స్ ఒక మాంచెస్టర్ మిల్లుదారు ఇచ్చిన 1871 నాటి లెక్కలు వేశాడు. పదివేల కదుళ్ల మిల్లు. పత్తి, బొగ్గు, నూనె, అద్దె, యంత్రాల అరుగుదల కలిపి వారానికి 378 పౌన్లు. కూలి 52. నూలు అమ్మితే 510. అంటే మిగులు 80 పౌన్లు. పది గంటల పనిదినంలో నాలుగు గంటలు నిండకముందే కూలి డబ్బు తిరిగి వచ్చేసినట్టు. తక్కిన ఆరు గంటల పైచిలుకు అదనపు శ్రమ.

అపోహ: అదనపు విలువకు మరో పేరే లాభం.

వాస్తవం: ఆ 80 పౌన్లనే కూలితో పోల్చితే సుమారు 154 శాతం, మొత్తం ఖర్చు 430తో పోల్చితే 19 శాతం లోపు. యజమాని ఖాతా పుస్తకంలో కనిపించేది రెండో తరహా లెక్క. పైగా వడ్డీ, నేల కౌలు, వ్యాపారి లాభం కూడా అదనపు విలువలోని వాటాలే అంటాడు మార్క్స్. విలువలు ధరలుగా మారే తీరు మీద 1896లో ఆస్ట్రియా అర్థశాస్త్రవేత్త బోం-బావెర్క్ లేవనెత్తిన అభ్యంతరం మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

అపోహ: యంత్రాలు వస్తే అదనపు విలువను అవే సృష్టిస్తాయి.

వాస్తవం: మార్క్స్ లెక్కలో యంత్రం తన అరుగుదల మేరకే సరుకుకు విలువ చేరుస్తుంది. పై మిల్లులో అది వారానికి 20 పౌన్లు. అయితే యంత్రాల వల్ల తిండి, బట్ట చవకైతే కూలికి సరిపడే గంటలు తగ్గి, అదనపు గంటలు పెరుగుతాయి.

అపోహ: ఉత్పత్తి మొత్తం కార్మికులకే పంచెయ్యాలన్నాడు మార్క్స్.

వాస్తవం: 1875లో జర్మన్ కార్మిక పార్టీ గోథా పట్టణ మహాసభ కోసం రాసిన కార్యక్రమ ముసాయిదాలో అలాంటి మాటే కనిపిస్తే ఆయనే ఎండగట్టాడు. అరిగిన పరికరాలకు, విస్తరణకు, ఆపత్కాలానికి, బడులకు, వైద్యానికి, పనిచేయలేనివారికి ముందు తీసి పక్కన పెట్టాకే పంపకం అన్నాడు.