బండ వచ్చింది, కట్టెల పొయ్యి ఆరలేదు

2024 నవంబరు 1న దీపం-2 పథకాన్ని శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే ప్రారంభించారు. ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితం. దీనికి పాతికేళ్ల ముందు, 1999లో, తొలి దీపం పథకం కింద డ్వాక్రా మహిళల గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. 2016లో కేంద్రం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చే ఉజ్వల తెచ్చింది. అయినా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనో విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపో పెరట్లోకి వెళ్తే కట్టెల పొయ్యి కనిపిస్తూనే ఉంటుంది.

అలవాటు వదలరని తేల్చేయడం తేలిక. అసలు సంగతి వేరు: గ్యాస్‌కు రొక్కం కావాలి, పుల్లలకు ఒంటి కష్టం చాలు. ఆ కష్టం ఆడవాళ్లది కాబట్టి ఎవరూ లెక్కగట్టరు.

ఇక్కడ వంటచెరకు పంటతోపాటే ఇంటికొచ్చేది. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరబెట్టి నార ఒలుస్తారు. నార అమ్మకానికి, పుల్లలు పొయ్యిలోకి. ఎండిన గోగుపుల్ల ఇట్టే అంటుకుంటుంది, అంతే తొందరగా కాలిపోతుంది. పొయ్యి దగ్గర నుంచి కదలనివ్వదు. ధర గిట్టక, ఊరబెట్టడానికి నీళ్లు చాలక గోగు సాగు తగ్గింది, పుల్లల మోపులూ తగ్గాయి. ఉద్దానంలో కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు ఆ లోటు తెలియనివ్వలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్నే కూల్చింది. పొలం, తోట లేనివాళ్లయితే ఒకరి గట్టు మీద ఏరుకోవాల్సిందే. అది ఉచితమంటే నేనొప్పుకోను.

2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే విజయనగరం జిల్లాకు వచ్చింది. వేసవిలో పొద్దున్నే పనిలోకి పోవాలంటే గ్యాస్ పొయ్యి అక్కరకొస్తుంది. కానీ 2020 మే నుంచి ఖాతాలో రాయితీ పడటం దాదాపు ఆగిపోయింది. 2022లో బండ ధర వెయ్యి దాటింది. మగాళ్లు చెన్నైకో హైదరాబాదుకో వలస పోయి డబ్బు పంపే ఇళ్లలో, ఆ డబ్బు అందేదాకా బండ బుక్ చేయడం ఆగేది.

దీపం-2 మొదలైనప్పుడూ ముందు డబ్బు కట్టి బండ తీసుకోవాల్సి వచ్చేది, తర్వాత అది ఖాతాలో పడేది. అంటే 2024లో ఉచిత బండకైనా ఎనిమిది వందల పైచిలుకు చేతిలో ఉండాల్సి వచ్చింది. పైగా నాలుగు నెలలకొకటే. అందుకే టీ, కూర గ్యాస్ మీద; చోడి (రాగి) అంబలి, వేణ్ణీళ్లు పెరటి పొయ్యి మీద.