చమురు తెట్టు మీద పొడి చల్లితే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏ తీరంలో ఆయిల్ ఒలికినా, వార్త వచ్చిన పూటే నా ఫోనుకు ఒక వీడియో వస్తుంది. గాజు తొట్టిలో నీళ్లు, పైన నల్లటి ఆయిల్. ఎవరో గుప్పెడు పొడి చల్లుతారు. కాసేపటికి ఆయిల్ అట్టులా గట్టిపడుతుంది, చేత్తో ఎత్తి పక్కన పెడతారు. కింద తేట నీళ్లు. "బాక్టీరియా తినేసింది చూశారా! మన పోర్టులవాళ్లు ఇదెందుకు కొనరు?" అని దాని కింద రాసి ఉంటుంది. విశాఖలో తెట్టు తొలగించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి జవాబు నన్నే అడుగుతారు. ఇకమీదట అందరికీ ఇదే పంపుతాను.

అపోహ: బాక్టీరియా పొడి చల్లితే చమురు మాయమైపోతుంది.

ముందు ఆ వీడియో సంగతి. అందులో ఉన్నది అసలు బాక్టీరియా కాదు, ఆయిల్‌ను పట్టి గడ్డకట్టించే పాలిమర్ అనే రసాయనం. ఏ సూక్ష్మజీవీ నిమిషాల్లో ఏమీ తినేయదు. తొట్టిలో అది బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ సముద్రం మీద ఆ పొడిని గాలి ఎత్తుకుపోతుంది. తెట్టు టన్నుల్లో ఉంటే పొడీ టన్నుల్లోనే కావాలి. గడ్డకట్టినదాన్ని మళ్లీ మనుషులే ఏరాలి.

మరి ఆయిల్ తినే బాక్టీరియా నిజంగా లేదా అంటే, భేషుగ్గా ఉంది. కాకపోతే అది సముద్రంలో ముందునుంచే ఉంది, మనం కొని పోయనక్కర్లేదు. ఆల్కానివొరాక్స్ అనే జాతి మామూలు రోజుల్లో నీళ్లలో చాలా తక్కువగా ఉంటుంది, ఆయిల్ పడగానే విపరీతంగా పెరుగుతుంది. దానికి కొరత పడేది నత్రజని, భాస్వరం, ప్రాణవాయువు. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి దాదాపు 37 వేల టన్నుల ముడిచమురు ఒలికినప్పుడు రాళ్ల తీరం మీద చల్లింది ఎరువునే. అక్కడి బాక్టీరియా జోరందుకుంది, పని జరిగింది. కానీ వారాలు, నెలలు పట్టింది. రాళ్ల కింద గాలి ఆడని చోటికి దిగిన ఆయిల్ పదేళ్ల తర్వాత తవ్వినా బయటపడింది. కాకినాడ దగ్గరున్న మన కోరింగ మడ అడవుల్లో బురద పైపొర దాటితే ప్రాణవాయువు దాదాపు ఉండదు. అక్కడికి ఆయిల్ చేరితే ఏ పొడీ దాన్ని ఏమీ చేయలేదు.

పైగా ఈ బాక్టీరియా కూడా ఏరుకునే తింటుంది. తేలిక భాగాలు ముందు. ఓడ ఇంజన్లలో కాల్చే ఫర్నేస్ ఆయిల్‌లోని తారులాంటి భాగం జోలికి అంత త్వరగా పోదు. 2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఒలికింది ఆ రకమే. నీళ్లు కలుపుకుని ముద్దగా చిక్కబడింది, పంపులు మొరాయించాయి, జనం బక్కెట్లతో ఎత్తారు. ఇంత దేశానికి బక్కెట్లేనా అని నవ్వినవాళ్లు చాలామంది. ఆ స్థితికి వచ్చిన తెట్టుకు బక్కెట్టును మించిన పనిముట్టు పెద్దగా లేదండీ. అడగాల్సింది, అది అంత చిక్కబడేదాకా, ఒడ్డుకు చేరేదాకా ఎలా వచ్చిందని.

ఈ అపోహ వల్ల పోయేది తొలి గంటలు. ఆయిల్ ఒకచోట, ఇంకా పంపుకు లొంగేలా ఉన్నప్పుడే బూమ్ (నీళ్లమీద తేలే అడ్డుకట్ట) కట్టి, స్కిమ్మర్‌తో, అంటే పైన తేలే ఆయిల్‌ను ఎత్తే యంత్రంతో, లాగేయాలి. తెట్టు గాలి వేగంలో సుమారు 3 శాతంతో కదులుతుంది. సాయంత్రం నుంచి 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) గాలి వీస్తే తెల్లారేసరికి గాలి ఒక్కదానివల్లే 10 కిలోమీటర్లు దాటిపోతుంది, ప్రవాహం తోసేది వేరే. ఒక జెట్టీలో గొట్టం పగిలి ఆయిల్ కారుతుంటే, బూములు గోదాములోనే పెట్టుకుని, ఆ పొడి ఎక్కడ దొరుకుతుంది, కొటేషన్ ఎంత అని ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. మేం వెళ్లేసరికి సబ్బు నీళ్లు కొట్టించేశారు కూడా. "పోయింది సార్, చూడండి" అన్నాడు అక్కడి సూపర్‌వైజరు, సంబరంగా. అతన్ని ఏమనగలం, పై నుంచి ఒత్తిడి అలాంటిది. నీళ్లలో చెయ్యి ముంచి వాసన చూడమన్నాను. చూసి ఇంకేం మాట్లాడలేదు.

దాన్నే ఇంకో అపోహగా రాయొచ్చు: కనబడకపోతే పోయినట్టే. పోదు. సబ్బయినా, ఇందుకోసమే తయారుచేసే డిస్పర్సెంట్ అనే మందయినా ఆయిల్‌ను చిన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లలోకి దింపుతుంది. లోతైన నడిసముద్రంలో అది ఒక్కోసారి సరైన నిర్ణయమే, చుక్కలు చిన్నవైతే బాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురుబావి బద్దలైనప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ వాడారు, దాని మంచిచెడుల మీద వాదన ఇంకా తెగలేదు. లోతు తక్కువ హార్బర్‌లో, గెడ్డ (వాగు) సముద్రంలో కలిసే చోట వాడితే మాత్రం చేప గుడ్లకూ పిల్లలకూ నేరుగా తగులుతుంది. కోస్ట్ గార్డ్ అనుమతి లేకుండా వాడకూడదు కూడా.

"మనవాడే కనిపెట్టాడు, తొక్కేశారు" అనేది మరొకటి. ఆనంద మోహన్ చక్రవర్తి అనే భారతీయ అమెరికన్ శాస్త్రవేత్త గురించి. ఆయన ఆయిల్ తినే బాక్టీరియాను తయారుచేసిన మాట నిజం, 1980లో అమెరికా సుప్రీంకోర్టు దానికి పేటెంటు ఇవ్వొచ్చన్న మాటా నిజం. ఎవరూ తొక్కేయలేదు. ప్రయోగశాలలో గెలిచింది సముద్రంలో గెలవాలని లేదు, అంతే. ఢిల్లీలోని టెరీ అనే పరిశోధన సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే బాక్టీరియా మిశ్రమం మన రిఫైనరీల మడ్డి మీద చక్కగా పనిచేస్తుంది. అది నేల మీద, దున్ని, తడిపి, నెలల తరబడి చేసే పని.

అపోహ: ఆయిల్ పడిందంటే ఏడాదిదాకా చేప ముట్టకూడదు.

ఈ పుకారు మీద నాకు నిజంగానే కోపం. ఎక్కడో దూరాన ఒలికినా ఇక్కడ బేరం పడిపోతుంది. "సేపలు ఎవులూ కొనడం నేదు బాబూ, నువ్వైనా సెప్పు" అని ఫిషింగ్ హార్బర్‌లో ఒకావిడ గంప ముందు కూర్చుని అడిగితే ఏం చెప్పాలి? ఆవిడకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. వంజరం, చందువ లాంటి చేపల కాలేయం ఆయిల్‌లోని విషపదార్థాలను చాలావరకు విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. తెట్టు పడిన చోట వేట ఆపమంటే ఆపాలి, కిరసనాయిలు వాసన వస్తే పారేయాలి, మిగతాచోట్ల పట్టిన చేపకు భయం లేదు. జాగ్రత్త పడాల్సింది గుల్లలు, ఆల్చిప్పల విషయంలో. వాటికి ఆ శక్తి బాగా తక్కువ, చాలాకాలం దాచుకుంటాయి.

     

ఇంతా చదివి, అయితే కొత్త టెక్నాలజీ అంతా దండగేనా అంటారు కొందరు. కాదు. నాకు ఆశ ఉన్నవి వీడియోలకు పనికిరావు, అంతే తేడా. 2011లో అమెరికాలో జరిగిన పోటీలో గాడులు చెక్కిన డిస్కుల స్కిమ్మర్ ఒకటి నిమిషానికి 17,600 లీటర్ల దాకా లాగింది, లాగినదాంట్లో 89 శాతానికి పైగా ఆయిలే. అది పరీక్ష తొట్టిలో లెక్క, నడిసముద్రంలో అంత రాదు. అయినా పాతవాటికంటే చాలా మేలు. ఇంకొకటి ఉపగ్రహ రాడార్. ఆయిల్ పడిన చోట చిన్న అలలు అణగిపోయి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది, రాత్రయినా మబ్బయినా సరే. సముద్రం లేని హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, తెట్టు ఎటు కొట్టుకుపోతుందో అంచనా కట్టి ఇస్తుంది. అది చేతికొస్తే ఏ గెడ్డ మూతికి ముందు బూమ్ కట్టాలో తెలుస్తుంది. కట్టేటప్పుడు ప్రవాహానికి ఏటవాలుగా కట్టాలి, తిన్నగా అడ్డం కడితే ప్రవాహ వేగం 0.7 నాట్లు దాటగానే ఆయిల్ కిందనుంచి దూరిపోతుంది.

బీచ్‌లో కాలికి తారు అంటుకుంటే కొబ్బరినూనె రాసి తుడవండి, కిరసనాయిలు వద్దు. నీళ్లమీద ఇంద్రధనుస్సు రంగుల పొర ఒక్కటే కనిపిస్తే కంగారు పడకండి, దాని మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, ఎత్తడానికీ ఏమీ ఉండదు. నల్లగా, గోధుమరంగులో కనిపిస్తే 1554కి, అంటే కోస్ట్ గార్డ్‌కు, ఫోన్ చేయండి. ఎక్కడ, ఎంత మేర, ఏ రంగు, గాలి ఎటు వీస్తోంది, ఈ నాలుగూ చెప్పండి.