బుడగను ఆపడం నుంచి అదుపులో పెట్టడం దాకా: కేవిటేషన్ నేపథ్యం

అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో బావి మీద మోనోబ్లాక్ పంపు నడిపిన రైతులకు, వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్టు వినిపించే చప్పుడూ, విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలపై కనిపించే గుంటలూ తెలిసినవే. పంపు పీల్చే చోట పీడనం బాగా పడిపోతే నీరు వేడెక్కకుండానే మరుగుతుంది. 30 డిగ్రీల నీటికి ఆ పీడనం వాతావరణ పీడనంలో సుమారు 24వ వంతు. అలా పుట్టిన ఆవిరి బుడగలు పీడనం పెరిగే చోటికి చేరగానే కుప్పకూలి, ఆ ఉధృతితో లోహాన్ని తొలిచేస్తాయి. ఇదే కేవిటేషన్. శ్రీశైలం టర్బైన్లకైనా, హంద్రీ-నీవా పంపులకైనా ఇంజనీర్లు దీన్ని నివారించవలసిన ముప్పుగానే లెక్కిస్తారు.

ఈ సమస్య మొదట ఓడల్లో బయటపడింది. 1890లలో బ్రిటిష్ నౌక డేరింగ్ ప్రొపెల్లర్లు ఆశించిన వేగాన్ని ఇవ్వలేకపోయాయి. 1895లో బ్రిటిష్ ఇంజనీర్ చార్లెస్ పార్సన్స్ ఈ బుడగలను కళ్లారా చూడటానికి ఒక చిన్న నీటి సొరంగం, అంటే నీటిని ప్రవహింపజేసి పరీక్షించే గొట్టపు పరికరం, నిర్మించారు. 1917లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ గోళాకారపు బుడగ కూలిపోయే తీరును గణితంలో చూపారు. ఆ సూత్రం ప్రకారం 100 మైక్రోమీటర్ల వ్యాసార్ధం గల బుడగ మామూలు పీడనంలో సుమారు 9 మైక్రోసెకన్లలో కూలిపోతుంది. తర్వాతి పరిశోధకుల కష్టానికి మూలం ఈ వేగమే.

వైద్యంలో 1980లో మ్యూనిక్‌లో షాక్ తరంగాలతో తొలిసారి మూత్రపిండాల రాళ్లను పగలగొట్టినప్పుడు, రాయిని పగలగొట్టే శక్తుల్లో కేవిటేషన్ కూడా ఒకటి. చుట్టూ ఉన్న చిన్న రక్తనాళాలకు హాని చేసేదీ అదే. అంతకుముందు 1968లో పరిశోధకులు గ్రామియాక్, షా రక్తంలోని చిన్న బుడగలు అల్ట్రాసౌండ్‌లో మెరుస్తాయని గమనించారు. ఎర్ర రక్తకణాల పరిమాణానికి దగ్గరగా ఉండే, పూత గల బుడగలు ఆ దారిలోనే గుండె స్కానింగ్‌కు వచ్చాయి. రక్తంలోని చాలా పదార్థాలను, మందులను కూడా, మెదడులోకి చొరనివ్వని అడ్డుగోడను రక్త-మెదడు అవరోధం అంటారు. 2001లో హినినెన్ అనే శాస్త్రవేత్త బృందం అల్ట్రాసౌండ్‌తో పాటు ఇలాంటి బుడగలను వాడి కుందేళ్లలో దాన్ని తాత్కాలికంగా తెరిచి చూపింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గిలకొట్టి తయారుచేసిన బుడగలు ఒకే పరిమాణంలో ఉండవు, ప్రతి బుడగా తన పరిమాణానికి తగిన పౌనఃపున్యానికే గట్టిగా స్పందిస్తుంది. అందువల్ల ఒకే అల్ట్రాసౌండ్‌కు ఒక బుడగ నెమ్మదిగా కంపిస్తే, పక్కనున్న మరొకటి పేలినంత పని చేయవచ్చు. కణపొరలో మందుకు దారి చేయడానికీ కణాన్ని చంపేయడానికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఇంతే. సన్నని కాలువలున్న మైక్రోఫ్లూయిడిక్ చిప్‌ల విలువ ఇక్కడ తెలుస్తుంది: ద్రవ ప్రవాహాల మధ్య వాయువును నొక్కి పంపితే దాదాపు ఒకే సైజు బుడగలు వరుసగా తెగి వస్తాయి.

ఇంకొక మార్గంలో, 2007లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో సెవరిన్ లె గాక్, క్లాస్-డీటర్ ఓల్ బృందం చిప్ కాలువలో లేజర్ మెరుపుతో కోరిన చోట ఒకే ఒక్క బుడగను పుట్టించి, దాని పక్కనున్న కణాల పొర తెరుచుకోవడాన్ని పరిశీలించింది. పలుచని కాలువలో బుడగ గోళంలా కాక అప్పంలా పరుచుకుంటుంది కాబట్టి, వేగవంతమైన కెమెరా దానిని స్పష్టంగా పట్టగలుగుతుంది.

రోగి దగ్గరికి చేరిన విజయాలు ఇంతవరకు చిప్‌లవి కావని స్పష్టంగా చెప్పాలి. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన హిస్టోట్రిప్సీ, కాలేయ కణితులను శరీరం బయటి నుంచి పంపిన అల్ట్రాసౌండ్ పుట్టించే బుడగలతోనే ఛిద్రం చేస్తుంది. అయినా ఏ మోతాదులో మేలు, ఏ మోతాదులో హాని అన్న లెక్క తేలడానికి చిప్ లాంటి చోటు అవసరం. సిలికోన్ చిప్‌ను అచ్చు నుంచి పోతపోయడం పెద్ద ఖర్చైన పని కాదు. ఖరీదంతా లేజర్‌ది, కెమెరాది. 1957 నుంచి వైద్య కళాశాల, 2015 నుంచి ట్రిపుల్‌ఐటీడీఎం అనే ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉన్న కర్నూలులో వైద్యులూ ఇంజనీర్లూ కలిసి ఎత్తుకోదగిన పని ఇది. అన్నిటికన్నా ముందు కొలవవలసింది 5 నుంచి 10 మైక్రోమీటర్ల కేశనాళికల్లో, మెత్తని గోడల నడుమ బుడగ ఎలా ప్రవర్తిస్తుందన్నది. నాళాల లోపలి పొర కణాలను పెంచిన చిప్ కాలువల్లో ఆ కొలత సాధ్యమవుతుంది.